ఉప్పునీటి ట్యాంకులో చేపలు తెల్లవారుజామున పైకి తేలి ఎగశ్వాస తీస్తున్నాయి: రెండో ఎయిర్ పంపు పెడితే సరిపోతుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను. విజయవాడలో పడకగదిలో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు (48×18×18 అంగుళాలు), కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై, మళ్లీ పైకెళ్లే తొట్టి), అందులో స్కిమ్మర్ (సన్న బుడగలతో మురికిని నురగగా తీసే యంత్రం). ఒక పౌడర్ బ్లూ టాంగ్, రెండు క్లౌన్ చేపలు, ఐదు క్రోమిస్‌లు, కొంత లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా ఉండే సముద్రపు రాళ్లు). పగలంతా చేపలు హాయిగా తిరుగుతున్నాయి. తెల్లవారుజామున చూస్తే టాంగ్, క్రోమిస్‌లు పైకొచ్చి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. చప్పుడుకి నిద్ర పట్టడం లేదని రాత్రి పదింటికి స్కిమ్మర్ ఆపేస్తున్నారు. వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లను కదిలించే పంపు) రాత్రి వేగం తగ్గే నైట్ మోడ్‌లో ఉంటోంది. చేపలు దూకుతాయని పైన గాజు మూత వేశారు. మూలన ఒక ఎయిర్ స్టోన్ ఉంది. షాపులో రెండో ఎయిర్ పంపు కొనమన్నారు, కొనాలా వద్దా అన్నది మీ సందేహం.

ఇప్పుడే కొనక్కర్లేదు. ఈ రాత్రి నుంచి స్కిమ్మర్ ఆపకండి. వేవ్‌మేకర్ నైట్ మోడ్ తీసేసి దాని మూతిని కాస్త పైకి తిప్పండి. గాజు మూత తీసి వల మూత పెట్టండి. ఈ మూడు పనులకు పైసా ఖర్చు లేదు, వల మూతకు తప్ప. మీరు రాసిన లక్షణాలు ఆక్సిజన్ కొరతవే అయితే రెండో తెల్లవారుజాముకే తేడా తెలియాలి. తేడా లేకపోతే సమస్య వేరే చోట ఉంది, అది చివర్లో రాశాను.

మీరుండే ప్రాంతం నుంచే ఒక పోలిక చెప్తే కారణం తేలిగ్గా అర్థమవుతుంది. కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతులను అడగండి, "డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయేది తెల్లవారుజామునే" అంటారు. వాళ్లు ఏరియేటర్లు తిప్పేది ముఖ్యంగా రాత్రిపూట. పగలు నీటిలోని నాచు వెలుతురులో ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. చేపలు, నాచు, పగడాలు, రాళ్లలోని బ్యాక్టీరియా, ఇసుకలో కుళ్లే మిగులు మేత, అన్నీ రాత్రంతా ఆక్సిజన్ తింటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చెరువు రైతు సరిగ్గా ఆ వేళకు యంత్రాలు నడుపుతాడు. మీరు అదే వేళకు ఉన్న యంత్రాలు ఆపుతున్నారు.

ఉప్పునీళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఉప్పు పెరిగితే నీళ్లలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది, వేడి పెరిగినా తగ్గుతుంది. మంచినీళ్లు 30 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలవు. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ఉప్పునీళ్లు అదే వేడి దగ్గర 6.2 మాత్రమే పడతాయి. 25 డిగ్రీలైతే 6.7 దాకా, 32 డిగ్రీలైతే సుమారు 6. ఇవి గాలితో పూర్తిగా కలిసినప్పుడు వచ్చే గరిష్ఠాలు. అంతకు మించి ఎంత బుడగలు పంపినా గాలి నుంచి ఎక్కదు. టాంగ్‌ల వంటి చేపలకు 5 కన్నా పైన ఉండాలి. 4 కన్నా దిగితే ఎగశ్వాస మొదలవుతుంది. అంటే విజయవాడ మే నెలలో మీ చేతిలో ఉన్న జాగా ఒక్క మిల్లీగ్రాము చిల్లర. పైగా నీళ్లు వేడెక్కిన కొద్దీ చేపకు కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు.

మీ ట్యాంకు అంచుల దాకా నింపితే 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను 200 లీటర్ల నీళ్లు అనుకుందాం. లీటరుకు 6 చొప్పున మొత్తం ఆక్సిజన్ 1.2 గ్రాములు, అంతే. ఒక్క లీటరు మామూలు గాలిలో పావు గ్రాముకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. అంటే మీ ట్యాంకు మొత్తంలో ఉన్నది ఐదు లీటర్ల గాలిలో ఉన్నంత కూడా లేదు. ఇది నిల్వ ఉంచుకుని వాడుకునే సరుకు కాదు. ఎప్పటికప్పుడు పైనుంచి వస్తూ ఉండాలి. నీటి కదలిక పూర్తిగా ఆగిపోతే మీలాంటి ట్యాంకులో నాలుగైదు గంటల్లో చేపలు ఇబ్బంది పడడం మొదలవుతుంది. ఎండాకాలంలో, చేపలు ఎక్కువుంటే, ఇంకా ముందే.

ఇప్పుడు ఎయిర్ స్టోన్ సంగతి. బుడగ నీళ్లలో ఉండేది ఎంతసేపు? ఒకటిన్నర అడుగు లోతు నుంచి రెండు సెకన్లలో పైకొచ్చి పగిలిపోతుంది. ఆ రెండు సెకన్లలో దాని నుంచి నీళ్లలోకి దిగే ఆక్సిజన్ చాలా తక్కువ. ఎయిర్ స్టోన్ చేసే అసలు మేలు వేరు. బుడగలు పైకొస్తూ అడుగు నీళ్లను తమతో లాక్కొస్తాయి, పైన నీళ్లను కదిలిస్తాయి. ఆక్సిజన్ ప్రధానంగా ఎక్కేది నీటి పైభాగంలోనే, అక్కడి నీళ్లు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటేనే. మీ ట్యాంకు పైభాగం అరచదరపు మీటరుకు కాస్త ఎక్కువ. మూలన ఒక స్టోన్ కదిలించేది అందులో జానెడు చోటు. వేవ్‌మేకర్ సరిగ్గా తిప్పితే ఆ పైభాగమంతా కదులుతుంది. రెండో ఎయిర్ పంపు కన్నా ఉన్న వేవ్‌మేకర్ తిప్పడమే మేలని చెప్పడానికి కారణం ఇదే.

వేవ్‌మేకర్ ఎలా పెట్టాలి: నీటి మట్టానికి రెండు మూడు అంగుళాల కింద, మూతి పైకి 15–20 డిగ్రీల వాలుతో, ఎదురు గోడ వైపు. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. ట్యూబ్‌లైటు ప్రతిబింబం నీటి మీద పడేలా చూడండి. ప్రతిబింబం అద్దంలోలా నిలకడగా ఉంటే కదలిక చాలలేదు. ముక్కలు ముక్కలై ఎక్కడా నిలవకుండా వణుకుతుంటే సరిపోయింది. చిందులు పడాల్సిన పని లేదు. చిందులు పడితే లైట్ల మీదా వైర్ల మీదా ఉప్పు పేరుకుంటుంది. మరీ పైకి పెడితే వేవ్‌మేకర్ సుడి చుట్టి గాలి పీలుస్తుంది, ట్యాంకంతా పొగమంచులాంటి సన్న బుడగలు వస్తాయి, మోటారు కటకటలాడుతుంది. ఒక అంగుళం దించితే పోతుంది.

కదలిక ఎంత ఉండాలంటే, చేపలే ఉన్న ట్యాంకుకు గంటకు నీటి పరిమాణానికి పదిహేను ఇరవై రెట్లు. మీకు గంటకు 3,000–4,000 లీటర్లు. ఒక్క పెద్ద వేవ్‌మేకర్ కన్నా రెండు చిన్నవి నయం. ఒకటి పైభాగాన్ని కదిలిస్తే, రెండోది రాళ్ల వెనక ఊడుస్తుంది. రాళ్ల వెనక నీళ్లు కదలకపోతే అక్కడ మడ్డి చేరుతుంది. ఆ మడ్డి కుళ్లడం కూడా ఆక్సిజన్ ఖర్చే. పగడాలున్న ట్యాంకులకు ఇంతకు రెట్టింపు కదలిక వాడతారు గానీ, మీకు ఇప్పుడు అంత అవసరం లేదు.

నైట్ మోడ్ గురించి గట్టిగానే చెప్తాను. రాత్రి సముద్రం నెమ్మదిస్తుందని అనుకరించడానికి కంపెనీలు ఆ మీట పెట్టాయి. రాత్రిపూట రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర నీళ్లు కాస్త నెమ్మదించినా, అక్కడ చేప చుట్టూ సముద్రం ఉంటుంది. మీ చేప చుట్టూ ఉన్నది 200 లీటర్లు. ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన వేళ కదలిక తగ్గించడం నాకు ఏ కోణంలోనూ సమంజసం అనిపించదు. చేపలు అలసిపోతాయేమోనన్న భయం వద్దు. రాళ్ల సందుల్లో చోటుంటే అవే దూరి పడుకుంటాయి.

స్కిమ్మర్‌ను చాలామంది మురికి తీసే యంత్రంగానే చూస్తారు. నిజానికి ఉప్పునీటి ట్యాంకులో దీన్ని మించిన ఆక్సిజన్ యంత్రం లేదు. ఉప్పునీళ్లలో చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోవు, పిండిలా సన్నగా ఉండిపోతాయి. మంచినీళ్లలో స్కిమ్మర్ సరిగ్గా పనిచేయకపోవడానికి అదొక కారణం. ఆ సన్న బుడగల మధ్య నీళ్లు చాలాసేపు తిరుగుతాయి, గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీళ్లలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ కూడా అక్కడే బయటికి పోతుంది. కాబట్టి ఆపకండి. చప్పుడు తగ్గించే మార్గాలు చూడండి.

చప్పుడు ఎక్కువగా రెండు చోట్ల నుంచి వస్తుంది. గాలి గొట్టం మూతి నుంచి వచ్చే ఈల లాంటి శబ్దం ఒకటి. సైలెన్సర్ ఊడిపోయి ఉంటే బిగించండి, లేకపోతే గొట్టం చివర చిన్న ప్లాస్టిక్ సీసా మూతకు బెజ్జం పెట్టి తగిలించి, సీసాకు పక్కన రెండు మూడు బెజ్జాలు వేసినా శబ్దం సగానికి పైగా తగ్గుతుంది. రెండోది పంపు గరగర. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) మీద సున్నం పేరుకుంటే అలా అంటుంది. పంపు విప్పి, లీటరు గోరువెచ్చని నీళ్లలో మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి కడగండి. నిమ్మ ఉప్పు లేకపోతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపినా పనిచేస్తుంది. స్కిమ్మర్ కింద మందపాటి ఫోమ్ గానీ సిలికాన్ షీట్ గానీ వేస్తే అదురు బల్లకు పాకదు. సంప్‌లో స్కిమ్మర్ ఉన్న అరలో నీటి మట్టం కంపెనీ చెప్పినంతే ఉంచండి. అది మారితే గుడగుడ మొదలవుతుంది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. స్కిమ్మర్ నడుస్తూనే ఉంటుంది, గాలి మాత్రం పీల్చదు. గాలి గొట్టం నీళ్లను కలిసే చోట ఉప్పు గడ్డకట్టి సందు మూసుకుపోతుంది. నురగ రోజురోజుకీ పలచబడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. వారానికోసారి గాలి గొట్టం మూతిని ఒక గ్లాసుడు వేడి ఆర్‌ఓ నీళ్లలో ముంచండి. పంపు ఆ నీళ్లను పీల్చుకుని ఉప్పును కరిగించేస్తుంది. రెండు నిమిషాల పని.

గాజు మూత విషయానికొస్తే, పూర్తిగా మూసిన గాజు కింద గాలి కదలదు, తేమతో నిండి, కార్బన్ డయాక్సైడ్ చేరి అలాగే ఉండిపోతుంది. పైగా వేడి బయటికి పోదు. దూకే చేపలున్నప్పుడు మూత అవసరమే, కాదనను. అల్యూమినియం ఫ్రేముకు 6 మిల్లీమీటర్ల కన్నుల నైలాన్ వల బిగించి పెట్టుకోండి. దోమతెర వాడకండి. దాని సన్న కన్నుల్లో ఉప్పు పేరుకుని నెల తిరగకుండా మూసుకుపోతుంది.

నీటి మీద జిడ్డు తెట్టు ఉందేమో కూడా చూడండి. మేతలోని నూనె, చేపల జిగురు పైకి తేలి పలచటి పొర కడతాయి. పక్కనుంచి చూస్తే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. ఆ పొర ఉంటే కింద ఎంత కదిలినా గాలి సరిగ్గా తగలదు. సంప్‌లోకి నీళ్లు దిగే ఓవర్‌ఫ్లో పళ్లు ఈ పొరను లాగేయాలి. లాగట్లేదంటే పళ్లలో నాచు అడ్డుపడిందన్నమాట, లేదా రిటర్న్ పంపు (సంప్ నుంచి నీళ్లను ట్యాంకులోకి ఎక్కించేది) బలం తగ్గి పళ్ల మీదుగా పారే నీళ్లు పలచబడ్డాయన్నమాట. రిటర్న్ గంటకు ట్యాంకుకు ఐదారు రెట్లు ఉంటే చాలు. తాత్కాలికంగా అయితే న్యూస్‌పేపర్ కాదు గానీ, రంగు లేని టిష్యూ కాగితం నీటి మీద పరిచి తీసేస్తే పొర దానికి అంటుకుని వస్తుంది.

వేడి తగ్గించడం. ఇది ఆక్సిజన్ ప్రశ్నలో సగం. 26–27 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే మిగతావన్నీ సులువవుతాయి. చిల్లర్ ఉంటే సరే. లేకపోతే నీటి పైభాగం మీదుగా గాలి వీచేలా రెండు చిన్న డీసీ ఫ్యాన్లు పెట్టండి. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే 200 లీటర్ల నీళ్లు దాదాపు మూడు డిగ్రీలు చల్లబడేంత వేడిని పట్టుకుపోతుంది. బయటినుంచి వేడి మళ్లీ ఎక్కుతూ ఉంటుంది కాబట్టి మొత్తం మీద మిగిలేది రెండు మూడు డిగ్రీలు. ఈ చిట్కా హైదరాబాద్ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. విజయవాడ ఉక్కపోతలో అంతంత మాత్రం, విశాఖలో ఇంకా తక్కువ, ఎందుకంటే గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. ఏసీ నడిచే గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఫలితం బాగుంటుంది.

ఫ్యాన్లు పెడితే ఒక బాధ్యత వస్తుంది. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. నింపకుండా వదిలేస్తే ఐదు రోజుల్లో 35 పీపీటీ కాస్తా 39 దగ్గరికి చేరుతుంది. ఉప్పు పెరిగితే ఆక్సిజన్ తగ్గుతుందని పైన రాశాను కదా. రోజూ ఆవిరైనంత ఆర్‌ఓ నీళ్లే పోయండి, ఉప్పు కలిపినవి కాదు. సంప్‌లో ఒక గీత గీసి ఉంచుకుంటే ఎంత పోయాలో తెలుస్తుంది.

బాగా వేడెక్కిన రోజు సీసాలో గడ్డకట్టించిన నీళ్లు సంప్‌లో తేలేయవచ్చు. లీటరు సీసా ఒకటి 200 లీటర్లను సుమారు అర డిగ్రీ తగ్గిస్తుంది. గంటకు ఒక డిగ్రీ మించి తగ్గకుండా చూసుకోండి. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు.

మీరు ఏసీ గది తలుపులు మూసి పడుకుంటారని రాశారు కాబట్టి ఒక సూక్ష్మం. మూసిన గదిలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత తగ్గదు. పెరిగేది కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది పది లక్షల్లో 420 వంతులుంటే, ఇద్దరు పడుకున్న మూసిన గదిలో తెల్లారేసరికి 1,500 దాటడం మామూలే. స్కిమ్మర్ ఆ గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది, పీహెచ్ పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన నీళ్లలో చేప రక్తం ఆక్సిజన్‌ను పట్టుకోవడం తగ్గుతుంది. అంటే మీటరు ఆక్సిజన్ 5.5 చూపిస్తున్నా చేప ఎగశ్వాస తీయవచ్చు.

ఇది పరీక్షించడం తేలిక. తెల్లవారుజామున రెండు గ్లాసుల ట్యాంకు నీళ్లు తీసి పీహెచ్ చూడండి. ఒక గ్లాసులో గదిలోనే ఎయిర్ స్టోన్ వేసి గంటసేపు నడపండి. రెండోది బాల్కనీలో పెట్టి అలాగే గంట నడపండి. రెండింట్లోనూ పీహెచ్ 0.2 కన్నా పెరిగితే ట్యాంకులో గాలి మార్పిడి చాలట్లేదు. బాల్కనీ గ్లాసులో మాత్రమే పెరిగితే తప్పు గది గాలిది. అలాంటప్పుడు స్కిమ్మర్ గాలి గొట్టాన్ని పొడిగించి కిటికీ బయటికి పెట్టండి. గొట్టం లోపలి కొలత 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పొడవు రెండు మూడు మీటర్లకు మించకుండా చూసుకోండి. పొడవు ఎక్కువై సన్నగా ఉంటే స్కిమ్మర్ పీల్చలేదు. చివర కిందికి వంచి చిన్న వల కట్టండి, లేకపోతే వాన నీళ్లూ చీమలూ లోపలికి వస్తాయి. కిటికీ పక్కన దోమల మందు పొగ కొట్టే రోజు మాత్రం గొట్టం లోపలికి తీసేయాలి. ఆ మందులు చేపలకు, రొయ్యలకు విషం.

మేత వేళ కూడా మార్చండి. తిన్నాక కొన్ని గంటల పాటు చేప ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చాలంటే ఒక్కో గ్రాము నత్రజనికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. రాత్రి తొమ్మిదింటికి కడుపు నిండా పెట్టి లైట్లు ఆపితే ఈ ఖర్చంతా సరిగ్గా చీకట్లో పడుతుంది. చివరి మేత సాయంత్రం ఐదారు గంటలకు ముగించండి. సంప్‌లో చోటుంటే కీటో అనే దారాల్లాంటి సముద్రపు నాచు ఒక గుప్పెడు పెట్టి, ట్యాంకు లైటు ఆరినప్పుడు దానికి లైటు వెలిగేలా టైమర్ పెట్టండి. రాత్రి కాస్త ఆక్సిజన్ వస్తుంది, పీహెచ్ కూడా అంతగా పడదు. ఇది ఆసరా మాత్రమే, స్కిమ్మర్‌కు బదులు కాదు.

కరెంటు పోతే. నా దృష్టిలో మీరు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్‌ను దాని లైనుకు కలపండి. చిన్న డీసీ వేవ్‌మేకర్ లాగేది 10 వాట్లు, స్కిమ్మర్ పంపు మరో 15. రెండూ కలిపినా మామూలు సీలింగ్ ఫ్యాన్ లాగే 75 వాట్లలో మూడో వంతు. ఎనిమిది గంటలు నడిపినా 200 వాట్ అవర్లే. 150 ఏహెచ్ బ్యాటరీ దీన్ని సులువుగా మోస్తుంది. హీటర్, చిల్లర్ మాత్రం ఆ లైనుకు పెట్టొద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఏసీ కరెంటుతో నడిచే పంపులు బుర్రుమంటూ వేడెక్కుతాయి. అలాంటి ఇంట్లో అడాప్టరుతో నడిచే డీసీ పంపులు నయం.

ఇన్వర్టర్ లేకపోతే యూఎస్‌బీ ఎయిర్ పంపు, పవర్‌బ్యాంకు ఉంచుకోండి. ఒకటిన్నర వాట్ల పంపును 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు పదిహేను గంటల దాకా నడుపుతుంది. కొన్ని పవర్‌బ్యాంకులు ఇంత చిన్న లోడును గుర్తించక కాసేపటికి ఆగిపోతాయి, కాబట్టి ముందే ఒక రాత్రంతా నడిపి చూసుకోండి. ఎయిర్ పంపు కొనదలిస్తే ఈ అవసరానికి కొనండి. పంపు నీటి మట్టం కన్నా పైన ఉండాలి. గొట్టంలో చెక్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే పంపు ఆగినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి కారే ప్రమాదం ఉంది. సిరామిక్ స్టోన్‌కు ఉప్పు పట్టి మూసుకుపోతుంది, ప్రతి రెండు నెలలకు మార్చేయండి. వైర్లన్నీ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా ఉంచితే, వైరు వెంట జారే ఉప్పునీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా కింద పడుతుంది.

ఏమీ లేనప్పుడు మగ్గు ఉంది. నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, పది నిమిషాలు పోసి, అరగంట ఆగి, మళ్లీ. కరెంటు వచ్చేదాకా మేత వేయొద్దు. క్యానిస్టర్ (మూసిన డబ్బా) ఫిల్టర్ వాడేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మూసిన డబ్బాలో నీళ్లు గంటల తరబడి నిలిస్తే లోపలి బ్యాక్టీరియా ఆక్సిజన్ అంతా తినేసి చావడం మొదలవుతుంది. రెండు మూడు గంటలు దాటి కరెంటు వస్తే, ఆ నీళ్లు పారబోసి మీడియా (లోపలి వడపోత సరుకు) కడిగాకే ఆన్ చేయండి. సంప్ ఉన్న మీకు వేరే జాగ్రత్త. రిటర్న్ గొట్టానికి నీటి మట్టానికి కాస్త కింద 4 మిల్లీమీటర్ల బెజ్జం ఉందా, అది మూసుకుపోలేదా చూడండి. అది లేకపోతే పంపు ఆగగానే ట్యాంకు నీళ్లు వెనక్కి దిగి సంప్ పొంగుతుంది. ఒకసారి పట్టపగలు మీరే స్విచ్చి ఆపి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూసుకోండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. లెక్క వేస్తే 3 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరు నుంచి వచ్చే ఆక్సిజన్ 14 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో 5 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు పెరిగేది 0.35 మాత్రమే. దానికన్నా ఎక్కువ పోస్తే మొప్పలు, రొయ్యలు, రాళ్లలోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటాయి. మన మందుల షాపుల్లో దొరికేది చాలావరకు 6 శాతం, విదేశీ సైట్లలో రాసే మోతాదులు 3 శాతానివి, అక్కడే రెట్టింపు పొరపాటు జరుగుతుంది. నేనైతే మగ్గే వాడమంటాను.

మందులు వేసేటప్పుడు, వోడ్కా లేదా వెనిగర్ డోసింగ్ (బ్యాక్టీరియాకు ఆహారంగా వాటిని కొద్దికొద్దిగా నీళ్లలో వేయడం) చేసేటప్పుడు కదలిక ఇంకా పెంచాలి. డోసింగ్ ఎక్కువైతే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆ రాత్రే ఆక్సిజన్ కుప్పకూలుతుంది. పరాన్నజీవులకు వాడే ఫార్మలిన్ మందు కూడా నీళ్లలో ఆక్సిజన్ తగ్గిస్తుంది. ఫార్మలిన్ స్నానం ఎప్పుడూ వేరే తొట్టిలో, గాలి బాగా కొడుతూనే చేయాలి. నీళ్లు మార్చేందుకు కలిపిన కొత్త ఉప్పునీళ్లను కూడా ఒక రోజంతా పంపుతో తిప్పి, గాలి పట్టించాకే పోయండి.

కొలవాలనుకుంటే చుక్కల మందుతో చేసే ఆక్సిజన్ టెస్ట్ కిట్ చాలు. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి లైటు వేయకముందే ఒకసారి చూడండి. నీళ్లు తీసేటప్పుడు సీసాను నీటి అడుగునే నింపి అక్కడే మూత బిగించండి, బుడగ ఒక్కటి మిగిలినా కొలత ఎక్కువ చూపిస్తుంది. డిజిటల్ మీటరైతే అందులో ఉప్పు 35 అని సెట్ చేశారో లేదో చూడండి. మంచినీళ్ల సెట్టింగులో ఉంచితే ఉన్నదానికన్నా ఐదో వంతు దాకా ఎక్కువ చూపించి లేని ధైర్యం ఇస్తుంది.

ఇక పైన చెప్పిన తేడా గుర్తుపట్టడం. ఆక్సిజన్ కొరత అయితే అన్ని చేపలూ ఒకేసారి ఇబ్బంది పడతాయి, ఎప్పుడూ ఈదే టాంగ్, క్రోమిస్‌లు ముందు, క్లౌన్‌లు తర్వాత. నీళ్లు బాగా కదిలిస్తే అరగంటలో మొప్పల వేగం తగ్గుతుంది. పగలు మామూలుగా ఉంటాయి. ఈ మూడూ మీ వర్ణనకు సరిపోతున్నాయి. అలా కాకుండా ఒక్క టాంగే పగలు కూడా ఎగశ్వాస తీస్తూ, వేవ్‌మేకర్ ధారలో తల పెట్టి నిలబడుతూ, మేత మానేస్తే అది వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు కావచ్చు. ఆ పరాన్నజీవి ముందు మొప్పల్లోనే చేరుతుంది, ఒంటి మీద పిండి చల్లినట్టు కనిపించే నాటికి ఆలస్యమవుతుంది. పక్కనుంచి టార్చి వేసి చూడండి. అనుమానం వస్తే అన్ని చేపలనూ వేరే తొట్టికి మార్చి రాగి మందు అక్కడ వాడండి, లైవ్ రాక్ ఉన్న ట్యాంకులో వేయొద్దు. అన్నీ ఒకేసారి పగలూ రాత్రీ ఎగశ్వాస తీస్తుంటే ముందు అమ్మోనియా చూడండి. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర కొంచెం అమ్మోనియా కూడా మొప్పలను కాలుస్తుంది. రాళ్ల వెనక చచ్చిన నత్తో చేపో ఉందేమో వెతకండి.

రెండు రాత్రులు స్కిమ్మర్, వేవ్‌మేకర్ పూర్తిగా నడిపి, తెల్లవారుజామున ఐదింటికి నీటి వేడి, పీహెచ్, ఉప్పు ఎంతున్నాయో, టాంగ్ మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. అదే లెక్క మధ్యాహ్నం కూడా తీయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే తర్వాత ఏం చేయాలో చెప్పగలను.